బ్యాటరీ బండికి బోరు నీళ్ళు వద్దు



ఎద్దులబండి ఉన్న రోజుల్లో ఇరుసుకు కందెన పెట్టడం తెలిసినవాడే బండివాడు. లారీలు వచ్చాక ఇంజను ఆయిలు చూడడం, రేడియేటరులో నీళ్ళు పోయడం డ్రైవరు చదువులో మొదటి పాఠమైంది. 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత చిన్న సరుకుల బండి ఊరూరా తిరగసాగింది. దానికీ అదే పాఠం పనికొచ్చింది. ఇప్పుడు బ్యాటరీతో నడిచే బండ్లు వచ్చాయి. డీజిలు లేదు, పొగ లేదు, ఇంజను ఆయిలు లేదు. "అయితే ఇక చూసుకోవలసిందేమీ లేదు" అని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. బండి మారినప్పుడు మన అలవాటు కూడా మారాలి. ముఖ్యంగా ఒక్క అలవాటు మారాలి. బానెట్టు తెరిచి, డబ్బాలో నీరు తగ్గింది కదా అని, దగ్గరున్న బోరు నుంచి చెంబెడు నీళ్ళు పట్టి పోసే అలవాటు. బ్యాటరీ బండికి ఆ చెంబెడు నీళ్ళు ఎందుకు పోయకూడదో, దాని చలువ ఏర్పాటును ఎలా చూసుకోవాలో ఈ రోజు ముచ్చటించుకుందాం.

బ్యాటరీ బండి మనకు పూర్తిగా కొత్తది కాదు. మన పక్కనే ఉన్న బెంగళూరులో 2001లోనే రేవా అనే చిన్న ఎలక్ట్రిక్ కారు అమ్మకానికి వచ్చింది. దానిలో ఉన్నది పాత తరహా సీసపు బ్యాటరీ. ఇప్పటి సరుకుల బండ్లలో ఉన్నది లిథియం బ్యాటరీ. 2021లో వచ్చిన యూలర్ హైలోడ్ అనే మూడు చక్రాల బండిలో బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. 2022 మే నెలలో టాటా ఏస్ ఈవీని విడుదల చేసినప్పుడు కూడా 21.3 యూనిట్ల బ్యాటరీతో పాటు, ఆ బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు గురించి కంపెనీ ప్రత్యేకంగా చెప్పుకుంది. చిన్న మూడు చక్రాల బండ్లలో కొన్నిటికి గాలి తగిలితే చాలు, ద్రవం అక్కరలేదు. మీ బండి ఏ రకమో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం సీటు కింద ప్లాస్టిక్ సంచిలోనే ఉండిపోతే లాభం లేదు.

ఇంజను లేని బండికి వేడి ఎక్కడిది అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కరెంటు ఏ తీగలో పారినా కొంత వేడి పుడుతుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కేది దానివల్లే. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ అనే ఆయన దీనికి లెక్క కట్టాడు. కరెంటు రెట్టింపయితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలయితే వేడి తొమ్మిదింతలు. బండి బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు, యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు, ఫాస్ట్ చార్జింగు పెట్టినప్పుడు బ్యాటరీలో కరెంటు జోరుగా పారుతుంది. వేడి పుట్టేది అప్పుడే.

ఎంత వేడి? ఒక లెక్క వేద్దాం. ఒక బండి చార్జింగులోనూ, నడకలోనూ కలిపి 20 యూనిట్ల కరెంటు వాడిందనుకోండి. అందులో నూటికి ఐదు వంతులు మాత్రమే వేడిగా మారిందనుకుందాం. అంటే ఒక యూనిట్. ఒక యూనిట్ కరెంటు వేడి ఎంతో తెలుసా? పది లీటర్ల మామూలు నీటిని మరిగే దాకా తీసుకువెళ్ళేంత. స్నానాల గదిలోని బకెట్టు నిండా మరిగే నీళ్ళు ఊహించుకోండి. అంత వేడి ఒక మూసివున్న ఇనుప పెట్టెలో పుడుతూ, బయటికి పోయే దారి లేకపోతే ఏమవుతుంది?

లిథియం బ్యాటరీ మనిషి లాంటిది. మనకు హాయిగా ఉండే వేడిలోనే దానికీ హాయి. సుమారు 15 డిగ్రీల నుంచి 35 డిగ్రీల దాకా దానికి సుఖం. 40 దాటి చాలాసేపు ఉంటే లోపలి రసాయనాలు త్వరగా అరిగిపోతాయి. ఇది ఒక్కరోజులో కనబడే నష్టం కాదు. మొదటి ఏడాది ఒక్క చార్జింగుతో వంద కిలోమీటర్లు వచ్చే బండి మూడో ఏడాది డెబ్భై దగ్గరే ఆగిపోతుంది. బండి వెలలో పెద్ద వంతు బ్యాటరీదే. అప్పు కంతులు తీరకముందే బ్యాటరీ సగం ముసలిదైతే ఆ నష్టం ఎవరిది? బండి నమ్ముకున్న కుటుంబానిదే.

ఇది పుస్తకాల మాట మాత్రమే కాదు. నిస్సాన్ కంపెనీ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారును 2010 చివర అమ్మకానికి తెచ్చింది. దాని బ్యాటరీని చల్లబరచడానికి ద్రవం లేదు. చల్లని ప్రాంతాల్లో అది బాగానే నడిచింది. కాని అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఎడారి ఎండలకు పెట్టింది పేరు. అక్కడ ఫీనిక్స్ నగరం చుట్టుపక్కల 2012 నాటికే కొందరు కార్లవాళ్ళు తమ బ్యాటరీల శక్తి త్వరగా తగ్గిపోతున్నదని ఫిర్యాదు చేశారు. కంపెనీ బ్యాటరీ శక్తికి అదనపు హామీ ప్రకటించవలసి వచ్చింది. తరువాత వేడిని మరింత తట్టుకునే బ్యాటరీ తెచ్చింది. ఎండ ఉన్నచోట బ్యాటరీకి చలువ విలాసం కాదు, అవసరం అని లోకమంతా నేర్చుకున్న పాఠమిది.

ఇక చలువ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. బ్యాటరీ గడుల కింద గానీ పక్కన గానీ పల్చని అల్యూమినియం పలకలు ఉంటాయి. ఆ పలకల లోపల సన్నని కాలువలుంటాయి. చిన్న కరెంటు పంపు ఒకటి కూలెంటు అనే ద్రవాన్ని ఆ కాలువల్లో తిప్పుతుంది. ద్రవం వేడిని మోసుకుని రబ్బరు గొట్టాల ద్వారా ముందున్న రేడియేటరుకు వస్తుంది. అక్కడ గాలి తగిలి చల్లబడి మళ్ళీ వెనక్కి పోతుంది. చెరువు తూము నుంచి మడికి నీళ్ళు పారి, మిగిలినవి తిరిగి చెరువులోకే చేరినట్టు. కొన్ని బండ్లలో మోటారుకూ, దాన్ని నడిపే కంట్రోలరుకూ, చార్జరుకూ కూడా ఇదే ద్రవం పోతుంది. కొన్నిటిలో వాటికి వేరే గొట్టాలు, వేరే డబ్బా ఉంటాయి. డబ్బాలు రెండుంటే రెండూ చూడాలి.

డీజిల్ బండి రేడియేటరుకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. దీన్ని జాగ్రత్తగా వినండి. డీజిల్ ఇంజనులో ద్రవం వేడి 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట ఎండ 38 అనుకుందాం. రెంటికీ మధ్య 52 డిగ్రీల తేడా. అంత తేడా ఉంటే రేడియేటరుకు కాస్త మట్టి పట్టినా వేడి బయటికి పోతూనే ఉంటుంది. బ్యాటరీ బండిలో ద్రవం 40 దాటకూడదు. బయట 38. తేడా రెండంటే రెండే డిగ్రీలు! వేడి పుట్టేది తక్కువే అయినా దాన్ని బయటికి తోయడం కష్టం. అందుకే కొన్ని బండ్లలో ఏసీ మిషను వంటి చల్లటి ఏర్పాటును కూడా ద్రవానికి జోడిస్తారు. రేడియేటరు మీద పేరుకున్న దుమ్ము డీజిల్ బండికి చిన్న లోపం. బ్యాటరీ బండికి అదే పెద్ద లోపం.

ఇప్పుడు మన దారులు గుర్తుకు తెచ్చుకోండి. బాగేపల్లి చిత్రావతి ఒడ్డున సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. చిక్కబళ్ళాపురం సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. 44వ నంబరు జాతీయ రహదారిలో పేరేసంద్ర మీదుగా ఈ 45 కిలోమీటర్లు వచ్చేటప్పుడు మన కంటికి అది పెద్ద ఎత్తుగా తోచదు. కాని బండికి తెలుస్తుంది. సరుకుతో కలిపి రెండు టన్నుల బరువును 200 మీటర్లు పైకి ఎత్తాలంటే, మామూలు నడకకు కావలసిన కరెంటు కాక, ఒక యూనిట్‌కు పైగా అదనంగా కావాలి. బండి నిండుగా ఉండేది ఎటు పోయేటప్పుడు? బెంగళూరు వైపు పోయేటప్పుడు. టమోటా, ఉర్లగడ్డ, పూలు, ద్రాక్ష అన్నీ పైకే పోతాయి. అంటే బరువూ, ఎత్తూ ఒకేసారి వస్తాయి. చింతామణి మార్కెట్టు నుంచి శిడ్లఘట్ట మీదుగా వచ్చే బండికి ఎత్తు తక్కువే గాని, సంతరోజు బరువు తక్కువ కాదు.

చిక్కబళ్ళాపురం చేరగానే డ్రైవరు ఏం చేస్తాడు? టీ తాగి వచ్చేలోపు ఫాస్ట్ చార్జింగు పెడతాడు. ఎక్కి వచ్చిన వేడి ఇంకా దిగలేదు, పైన చార్జింగు వేడి. ఎండలో నడిచి వచ్చిన మనిషికి వెంటనే కంబళి కప్పినట్టు. అప్పుడు ఆ బ్యాటరీని కాపాడేది చలువ ఏర్పాటు ఒక్కటే. అందులో ద్రవం సరిగా ఉందా, పంపు తిరుగుతోందా, రేడియేటరు శుభ్రంగా ఉందా అన్నదే ప్రశ్న.

ఇక చెంబెడు నీళ్ళ సంగతికి వద్దాం. మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మన కొండల్లోనే పుడతాయి గాని, మనకు మిగిలేది వానాకాలపు పారుదలే. అందుకని తాగడానికీ, పొలానికీ బోరే గతి. కన్నడంలో కొళవె బావి అంటాం. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీటిలో ఉప్పులు పెరుగుతాయి. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో చాలా ఊళ్ళ బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండవచ్చు. వేరే దారి లేనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్న పిల్లలను మనమంతా చూశాం. ఫ్లోరైడుతో పాటు ఈ నీటిలో సున్నపు ఉప్పులూ ఉంటాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున, కరెంటు కాయిల్ మీద పట్టే తెల్లని గట్టి పొర అవే.

మీ ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. రెండు శుభ్రమైన స్టీలు పళ్ళేలు తీసుకోండి. ఒకదానిలో రెండు చెంచాల బోరు నీళ్ళు, ఇంకొకదానిలో రెండు చెంచాల డిస్టిల్డ్ వాటరు పోసి ఎండలో పెట్టండి. నీళ్ళు ఆరిపోయాక చూడండి. డిస్టిల్డ్ వాటరు పళ్ళెంలో ఏమీ ఉండదు. బోరు నీళ్ళ పళ్ళెంలో తెల్లని మరక మిగులుతుంది. రెండు చెంచాలకే అంత మరక ఉంటే, చెంబెడు నీళ్ళకు ఎంతో ఊహించుకోండి.

ఆ మరక బ్యాటరీ బండిలో మూడు విధాలుగా చెడు చేస్తుంది. మొదటిది, అది పలకల్లోని సన్నని కాలువల గోడలకు అట్టుకడుతుంది. డీజిల్ ఇంజనులో నీటి దారులు వెడల్పుగా ఉంటాయి, కొంత పొర పట్టినా పని సాగుతుంది. ఇక్కడ దారులే సన్నవి. పైగా ఆ పొర వేడిని దాటనివ్వదు. ఒక కాలువ మూసుకుంటే దాని మీదున్న గడులు మాత్రమే వేడెక్కుతాయి. ఎడ్ల జతలో ఒకటి కుంటితే బండి ఆగిపోయినట్టు, కొన్ని గడులు చెడితే బ్యాటరీ మొత్తం బలహీనమవుతుంది.

రెండవది, ఉప్పు నీరు అల్యూమినియాన్ని తింటుంది. కూలెంటులో లోహాన్ని కాపాడే మందులు కలిపి ఉంటాయి. నీళ్ళు పోస్తే ఆ మందు పలచబడుతుంది. ఎక్కడో ఒకచోట సూదిమొనంత చిల్లు పడుతుంది.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. ఉప్పులున్న నీటిలో కరెంటు పారుతుంది. డిస్టిల్డ్ వాటరులో దాదాపు పారదు. మామూలుగా ద్రవం పలకల లోపలే తిరుగుతుంది, గడులను తాకదు. కాని చిల్లుపడి ఆ నీరు బ్యాటరీ పెట్టె లోపలికి కారితే, కరెంటు పారకూడని దారిన పారుతుంది. బండి తనను తాను పరీక్షించుకుని ముందే ఎర్ర దీపం వెలిగిస్తే అదృష్టం. లేకపోతే షార్టు సర్క్యూటు, దాని వెనక నిప్పు. ఈ కారణంగానే కొందరు తయారీదారులు కరెంటును చాలా తక్కువగా పారనిచ్చే ప్రత్యేకమైన కూలెంటు వాడుతున్నారు. అలాంటి ద్రవంలో చెంబెడు బోరు నీళ్ళు పోస్తే పాలకుండలో మజ్జిగ చుక్క వేసినట్టే.

"అయితే ఫిల్టరు నీళ్ళు పోయవచ్చా?" అని ఎవరైనా అడగవచ్చు. ఊరూరా శుద్ధ కుడియువ నీరిన ఘటకాలు ఉన్నాయి కదా, అక్కడ ఉప్పు తీసేస్తారు కదా అని. అక్కడ ఉప్పులు చాలావరకు తగ్గుతాయి, పూర్తిగా పోవు. తాగడానికి మంచివే. కాని వాటిలో లోహాన్ని కాపాడే మందు లేదు. కాబట్టి అవీ వద్దు. పెట్రోలు బంకులో, ఆటో సామాన్ల అంగడిలో 'బ్యాటరీ నీళ్ళు' అని డిస్టిల్డ్ వాటరు అమ్ముతారు. ఆ పేరు విని మోసపోకండి. అది పాత సీసపు బ్యాటరీ లోపల పోసే నీరు. లిథియం బ్యాటరీ లోపల పోయడానికి ఏమీ ఉండదు. చలువ డబ్బాలో కూడా తయారీదారు చెప్పిన కూలెంటు తప్ప మరేదీ పోయకూడదు.

కూలెంటులో కూడా రకాలున్నాయి. పచ్చనిది, నీలిది, గులాబీ రంగుది దొరుకుతాయి. రంగు చూసి కొనకండి. రంగుకు ఒక చట్టం లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. పుస్తకంలో రాసిన పేరూ, నంబరూ చూసి కొనండి. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు జిగురులాగా గడ్డకట్టి కాలువలను మూసేస్తుంది. చాలా కూలెంట్లు నీళ్ళు ముందే కలిపి, నేరుగా పోసేట్టు వస్తాయి. చిక్కగా వచ్చేదైతే డిస్టిల్డ్ వాటరుతో ఎంత పాళ్ళు కలపాలో డబ్బా మీద ఉంటుంది.

ఇంట్లో ఆడవాళ్ళు, పెద్దలు తప్పక వినవలసిన మాట ఒకటుంది. కూలెంటులో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం. అది తియ్యగా ఉంటుంది, రంగుగా షర్బత్తులా కనబడుతుంది. పిల్లలు కొంచెం తాగినా మూత్రపిండాలకు ప్రమాదం. పాత నీళ్ళ సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి. నేల మీద కారితే ఇసుకో బూడిదో చల్లి తీసెయ్యండి. లేకపోతే కుక్కలు, దూడలు నాకుతాయి. ఎవరైనా తాగారని అనుమానమొస్తే, బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. తీసేసిన పాత ద్రవాన్ని కాలువలోనో, చెరువు గట్టునో పారబోయకుండా సర్వీసు చోట అప్పగించండి.

ఇక మీరు స్వయంగా చేయగల పనులు చూద్దాం. ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు, స్విచ్చి కట్టేసి, డబ్బాలో ద్రవం కింది గీతకూ పై గీతకూ మధ్య ఉందో లేదో చూడండి. మూత తీయనక్కరలేదు, బయటికే కనబడుతుంది. బండి వేడిగా ఉన్నప్పుడు మూత తెరిస్తే ద్రవం చిమ్మి చెయ్యి కాలుతుంది. తరువాత వంగి బండి కింద చూడండి. తడి మరక ఉందా? గొట్టాలు కలిసే క్లిప్పుల దగ్గర తెల్లని గానీ, రంగు గానీ పొడి పేరుకుందా? అది కారి ఆరిపోయిన గుర్తు. రెండు నిమిషాల పని. రోజూ చేస్తే అలవాటవుతుంది.

వారానికొకసారి రేడియేటరు ముందు భాగం చూడండి. మన వైపు క్రషర్ల దుమ్ము ఎక్కువ. ఇంకొకటుంది. పంట నూర్చే రోజుల్లో రాగులు, ఉలవలు తారు రోడ్డు మీద పరిచి, పోయే బండ్లతో తొక్కించే అలవాటు మన దగ్గర ఉంది. ఆ పొట్టూ, ఊకా ఎగిరి రేడియేటరు రేకుల సందుల్లో ఇరుక్కుంటాయి. పూల బండ్లకు రేకలు, ఎండుటాకులు ఇరుక్కుంటాయి. మెత్తని బ్రష్షుతో పైనుంచి కిందికి దులపండి. నీళ్ళతో కడగాలంటే మెల్లగా పోయండి. సర్వీసు స్టేషన్లలో వాడే ఒత్తిడి పైపు దగ్గరగా పెడితే సన్నని రేకులు వంగిపోయి గాలి దారి మూసుకుంటుంది. ఆ నీటి ధార కరెంటు కలిపే జాయింట్ల మీద అసలు పడకూడదు. బయట కడగడానికి బోరు నీళ్ళు వాడవచ్చు, దోషం లేదు. లోపల పోయడానికే పనికిరావు.

చెవి కూడా వాడండి. చప్పుడు లేని బండిలో ఇది సులువు. బండి ఆన్ చేసినప్పుడు గానీ, చార్జింగులో ఉన్నప్పుడు గానీ పంపు చిన్నగా గుయ్యిమంటుంది. ఎప్పుడూ వినిపించే ఆ చప్పుడు ఒకరోజు వినిపించకపోతే ఆలోచించాలి. గరగరమంటూ, బుడబుడమంటూ ఉంటే లోపల గాలి చేరిందేమో చూపించాలి. చల్లని పొద్దున కూడా ఫ్యాను ఆగకుండా తిరుగుతుంటే, రోజూ గంటలో అయ్యే చార్జింగు గంటన్నర పడుతుంటే, ఎత్తు దగ్గర బండి లాగడం తగ్గి తాబేలు బొమ్మ వంటి గుర్తు వెలిగితే, బ్యాటరీ వేడెక్కి తన్ను తాను కాపాడుకుంటోందన్నమాట. చాలామంది స్విచ్చి ఆపి, మళ్ళీ వేసి, దీపం ఆరిపోయిందని సాగిపోతారు. దీపం ఆరింది గాని జబ్బు ఆరలేదు. జ్వరం వచ్చినవాడి నోట్లోంచి థర్మామీటరు తీసేస్తే జ్వరం తగ్గుతుందా?

ఒకటి గుర్తుంచుకోండి. ఇది మూసివున్న ఏర్పాటు. ద్రవం దానంతట అది ఖర్చు కాదు. ఒకసారి నింపిన తరువాత మళ్ళీ మళ్ళీ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. పోస్తూ పోవడం మందు కాదు, చిల్లు కనిపెట్టడమే మందు. దారిలో మట్టం కింది గీత కంటే దిగిపోతే బండిని నీడన ఆపి, కంపెనీ సహాయ నంబరుకు ఫోను చేయండి. పుస్తకం ఒప్పుకునే బండి అయితే, సరైన కూలెంటు డబ్బా ఒకటి బండిలో పెట్టుకోవడం మంచిది. అది దగ్గరుంటే బోరు వైపు చూపు పోదు.

మీరు చేయకూడని పనులూ ఉన్నాయి. బండి కింద నారింజ రంగు కేబుళ్ళు కనబడతాయి. ఆ రంగు హెచ్చరిక. 60 వోల్టులు దాటిన కరెంటు అందులో ఉంటుంది. వాటిని కదిలించడం, చుట్టూ టేపు చుట్టడం, గొట్టానికి అడ్డమని పక్కకు లాగి కట్టడం చేయవద్దు. గొట్టం మార్చడం, ద్రవం మొత్తం తీసి కొత్తది నింపడం కూడా శిక్షణ ఉన్న మెకానిక్కు పనే. డీజిల్ బండికి నింపినట్టు పైనుంచి పోసి మూతపెడితే లోపల గాలి బుడగ మిగులుతుంది. గాలి ఉన్నచోట ద్రవం ఉండదు, ద్రవం లేనిచోట చలువ ఉండదు. అందుకే సర్వీసు చోట ముందు లోపలి గాలి లాగేసి నింపుతారు, తరువాత పంపును కంప్యూటరుతో నడిపించి బుడగలు పోగొడతారు, ఒత్తిడి పెట్టి ఎక్కడైనా కారుతుందేమో చూస్తారు. ఆ మూడూ చేశారా అని అడగండి. ఏ కూలెంటు పోశారో బిల్లు మీద రాయించుకోండి. వారంటీ కావలసి వచ్చిన రోజు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. ఎన్నాళ్ళకు మార్చాలన్నది బండిబండికీ వేరు. పక్కవాడి బండి లెక్క మీకు పనికిరాదు.

చార్జింగు విషయంలో మూడు మాటలు. ఎత్తు ఎక్కి వచ్చిన బండికి అరగంట నీడలో విశ్రాంతి ఇచ్చి ఫాస్ట్ చార్జింగు పెట్టండి. రోజువారీ చార్జింగు రాత్రిపూట మెల్లగా పెట్టుకుంటే బ్యాటరీకీ హాయి, చలువ ఏర్పాటుకూ హాయి. చార్జింగులో ఉన్న బండి ముందు గోనె సంచులు, ఖాళీ క్రేట్లు పేర్చి గాలికి అడ్డం పెట్టకండి.

2022 వేసవిలో మన దేశంలో కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలిపోయిన వార్తలు మీరు వినే ఉంటారు. దాని తరువాత ప్రభుత్వం బ్యాటరీల భద్రతా నియమాలను గట్టి చేసింది. 2022 డిసెంబరు నుంచి ఒక దశ, 2023 మార్చి చివర నుంచి రెండో దశ అమలులోకి వచ్చాయి. ఫ్యాక్టరీలో పరీక్షలు గట్టివయ్యాయి. సంతోషమే. కాని ఫ్యాక్టరీ గేటు దాటిన తరువాత బండి మన చేతిలో ఉంటుంది. చిల్లుపడిన గొట్టాన్నీ, డబ్బాలోని బోరు నీళ్ళనూ ఏ నియమమూ వచ్చి చూడదు. ఎప్పుడైనా బ్యాటరీ పెట్టె నుంచి పొగ గానీ, బుసబుస చప్పుడు గానీ, ఘాటు వాసన గానీ వస్తే బండి ఆపి దిగి, అందరినీ దూరంగా పంపి 112కు ఫోను చేయండి. సరుకు దింపుకుందామని వెనక్కి పోకండి. టమోటా బుట్ట పోతే మళ్ళీ వస్తుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు తెలిసిన సామెతే. బ్యాటరీ బండి విషయంలో ఆకులు ముందే పట్టుకోవడం చాలా చవక. పొద్దున రెండు నిమిషాల చూపు, వారానికొకసారి బ్రష్షు, పుస్తకంలో రాసిన కూలెంటు. ఇంతే. బోరు నీళ్ళు మన పొలానికి ప్రాణం. వాటిని పొలానికే ఉంచుదాం, బండి డబ్బాలో పోయవద్దు. రేపు ఉదయం బండి తీసే ముందు ఒక్కసారి వంగి, ఆ డబ్బా మీది రెండు గీతలు ఎక్కడున్నాయో చూడండి. మీ ఇంట్లో బండి లేకపోతే, బండి ఉన్న పక్కింటివారికి ఈ మాట చెప్పండి.